నిషేధించినను నశింపని విషము

విజయపురి సౌత్‌లో జలాశయపు గట్టున నిలిచి ఆకసమువంక చూచినయెడల గ్రద్దలు గిరగిర తిరుగుచుండుట కానవచ్చును. గ్రద్ద, డేగ, గుడ్లగూబ మున్నగునవి ఇతర జీవులను తిని బ్రతుకును. ఎలుకలను పట్టుటచే ఇవి రైతునకు కూలి యడుగని పనివారు. అట్టి పక్షులకు పురుగుమందులవలన కలిగిన ఆపదను గూర్చి యిచ్చట కొంత వివరింపదలచితిమి.

డి.డి.టి. కీటకములను చంపునని 1939లో పాల్ ముల్లర్ కనుగొని, 1948లో నోబెల్ బహుమానము నందెను. మలేరియాను తగ్గించుటకు అది మిక్కిలి తోడ్పడినది. కాని అది నీటిలో దాదాపు కరగదు, క్రొవ్వులో కరగును, మట్టిలో ఏండ్లకొలది నిలుచును. ఆకు తిన్న మిడుతలోని విషము స్వల్పమే. అట్టి మిడుతలను పెక్కింటిని తొండ తినును. అట్టి తొండలను పెక్కింటిని డేగ తినును. ఇట్లు మెట్టుమెట్టునకు విషము పెరిగి, కడపటి మెట్టుననున్న డేగ యొడలిలో మిక్కుటమగును.

డి.డి.టి. శరీరములో డి.డి.ఇ.గా మారి, గ్రుడ్డుపెంకునకు సున్నము చాలినంత చేరకుండ అడ్డుపడును. పెంకు పలుచనై, తల్లి పొదుగునపుడే పగులును. బ్రిటనులో పెరిగ్రిన్ అను డేగల గ్రుడ్డుపెంకులు ఇట్లు పలుచనగుటను డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో వెల్లడించెను.

అమెరికాలో 1972లో ఈ మందు నిషేధింపబడగా డేగలు క్రమముగా కోలుకొన్నవి. అయినను, అంతకుముందు కాలిఫోర్నియా తీరమున సముద్రములో కలిసిన డి.డి.టి. సముద్రసింహముల క్రొవ్వులో చేరెను. వాని కళేబరములను తినిన కాండరు రాబందుల గ్రుడ్లు, నిషేధము జరిగిన ముప్పదియేండ్లకు పిమ్మట కూడ పలుచని పెంకుతో కనబడినవి.

మన దేశమున 1989లో వ్యవసాయమునందు డి.డి.టి. నిషేధింపబడి, వ్యాధులను వ్యాపింపజేయు కీటకముల నివారణకు మాత్రము అనుమతి నిలిచెను. ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు 2011లో ఆపివేసెను. ఆజ్ఞ అమ్మకమును ఆపగలదేగాని, నేలలో నదివరకే చేరినదానిని తీసివేయజాలదు. కావున జాగ్రత్త వాడుటకు ముందే యుండవలెను. పత్తికిని మిరపకును మందులు కొట్టు మన పల్నాటివారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము మున్నగువానితో పత్తి పండించి, 2004 నాటికి రసాయనపు పురుగుమందులను మానివేసిరి. వ్యవసాయము గల యిండ్ల బాలబాలికలు ఈ సంగతిని పెద్దలకు తెలుపుదురుగాక. మందుడబ్బాలను కాలువలో కడుగరాదనియు, పురుగు కనబడకమున్నే మందు కొట్టరాదనియు కూడ చెప్పుదురుగాక.