పాఠమే ఆటైతే

చదువు నేర్పే గేమ్ అని ముచ్చటపడి కొనిస్తే, పిల్లాడు రెండు రోజులాడి పక్కన పడేస్తాడు. వీడికి చదువంటేనే గిట్టదేమో అని మన గుండెల్లో గుబులు. అంత దిగులు అక్కర్లేదండీ. చాలాసార్లు లోపం ఆ గేమ్‌లోనే ఉంటుంది. లెక్క కుదిరితే నాణెం, తప్పితే ఎర్రగుర్తు! అది ఆట వేషం కట్టిన పరీక్షే. పద్నాలుగేళ్ల పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

మెక్సికోలో తయారై, 2015లో పూర్తిరూపంలో విడుదలైన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అలాంటిది కాదు. అందులో రాకెట్‌ను నిటారుగా పంపితే, ఇంధనం అయిపోయాక కాసేపటికి కిందికే వస్తుంది. మెల్లగా పక్కకు వంచి, అడ్డంగా వేగం అందుకుంటేనే కక్ష్యలో నిలుస్తుంది; తూర్పుకైతే గ్రహం తిరిగే వేగమూ కలిసొస్తుంది. మళ్లీమళ్లీ కూలగొట్టుకుని ఆ సంగతి తెలుసుకున్న పిల్లలకు, శ్రీహరికోట తూర్పు తీరాన ఎందుకుందో వేరే పాఠం చెప్పాల్సిన పని ఉండదు.

ఈ వయసులో నలుగురిలో తప్పు చెప్పడమంటే ప్రాణం పోయినంత పని. క్లాసులో ఒక్క తప్పు జవాబుకి వెనక బెంచీ నుంచి వినిపించిన నవ్వు వాళ్లను నెలల తరబడి వెంటాడుతుంది. గేమ్‌లో రాకెట్ కూలినా నవ్వేవాళ్లుండరు. మనమేమో ప్రేమతోనే, వెనక నిలబడి ‘దీనివల్ల మార్కులొస్తాయా?’ అంటాం. ఆ ఒక్క మాటతో అక్కడా పరీక్ష మొదలైపోతుంది.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. ఏ గేమూ తనంతట తాను చదువు చెప్పేయదు. తెరమీద కక్ష్య అందుకున్నవాడు ఇంటర్ ఫిజిక్స్ లెక్క చేయలేకపోవచ్చు. ఆ రెంటినీ కలిపే మనిషి కావాలి. రోజూ కాసేపు పక్కన కూర్చుని, ‘ఎందుకు పడిపోయింది నాన్నా?’ అని అడిగి, వాడు తడుముకుంటున్నా ఓపిగ్గా విందాం. నిద్రవేళ దగ్గర మాత్రం సడలింపు వద్దు. కానీ ప్రయోగం మధ్యలో ఆట ఆపించకుండా, ‘ఇదే చివరిది’ అని ముందే అనుకుందాం.

పిల్లాడే గేమ్ తయారు చేస్తానంటే మరీ మంచిది. దానికి 2007 నుంచి ఉన్న ప్రోగ్రామింగ్ వేదిక ‘స్క్రాచ్’ ఉచితమే. అందులో బంతి నిజంగా పడినట్టుండాలంటే క్షణక్షణం దాని వేగం పెంచుతూ పోవాలి. లేకపోతే అది లిఫ్టు దిగినట్టు దిగుతుంది. త్వరణం అంటే ఏమిటో వాడికి అక్కడ చేతికి తగులుతుంది. తొలి గేమ్ వంకరటింకరగానే ఉంటుంది. తప్పులు పట్టకముందు దాన్ని చివరిదాకా ఆడండి. చెల్లెలితోనూ ఆడించమనండి. ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతుందో చూస్తే, తనకు ఏది ఇంకా సరిగా అర్థం కాలేదో వాడికే తెలుస్తుంది.