చేత్తో కట్టిన కారుకి నంబరెవరిస్తారు?

షోరూంలో కారు కొంటే దాని గుర్తింపు సంఖ్య దాంతోపాటే వస్తుంది. ముందు అద్దం కింద ఎడమ మూల, డ్రైవరు తలుపు చట్రం మీద, టైటిల్ కాగితంలో, ఇన్సూరెన్సు కార్డు మీద ఉండేది అదే సంఖ్య. అమెరికాలో దీన్ని 'విన్' అంటారు. మన ఊళ్ళో ఛాసిస్ నంబరంటాం. ఛాసిస్ మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది ఆ నంబరు అచ్చు తీయడం ఆర్టీఏ ఆఫీసు ఆవరణలో చాలామంది చూసే ఉంటారు.

మరి కారుని మనమే గరాజులో కట్టుకుంటే? చట్రం ఒకచోట, ఇంజను ఇంకోచోట, చక్రాలు వేరొకచోట కొని, రెండేళ్ళపాటు శని ఆదివారాలు కూర్చుని బిగించిన కారుకి ఈ సంఖ్య ఎవరిస్తారు? నేను కాలిఫోర్నియాలో ఒక కిట్ కారు కట్టి రిజిస్టరు చేయించాను. ఆ దారి ఎలా ఉంటుందో, ఎందుకలా ఉంటుందో ఈ వ్యాసంలో చెబుతాను. నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ చెప్పేది కాలిఫోర్నియా పద్ధతి అని గమనించాలి.

పదిహేడు గళ్ళు

1981కి ముందు ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు నంబరు వేసేది. 1981 మోడళ్ళ నుంచి అమెరికా ప్రభుత్వం అందరికీ ఒకే పద్ధతి పెట్టింది: 17 గళ్ళు, వాటిలో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడే ప్రమాదం ఉంది కదా!

మొదటి మూడు గళ్ళూ తయారీదారుని గుర్తు. 1, 4, 5లతో మొదలైతే అమెరికాలోనూ, 2తో అయితే కెనడాలోనూ, 3తో అయితే మెక్సికోలోనూ తయారైన బండి. జె అయితే జపాను. ఇండియాకి ఎం.ఏ. నుంచి ఎం.ఇ. వరకు కేటాయించారు. 4 నుంచి 8 వరకు బండి రకం, ఇంజను వగైరా వివరాలు. పదో గడి మోడల్ సంవత్సరం, పదకొండోది ఫ్యాక్టరీ, చివరి ఆరూ వరస సంఖ్య.

మధ్యలో వదిలేసిన తొమ్మిదో గడి మనలాంటి ప్రోగ్రామర్లకి నచ్చేది. అది తనిఖీ అంకె. దాన్ని ఇలా లెక్కిస్తారు. ముందు ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇస్తారు: ఏ నుంచి హెచ్ వరకు 1 నుంచి 8, జె నుంచి ఎన్ వరకు 1 నుంచి 5, పి 7, ఆర్ 9, ఎస్ నుంచి జెడ్ వరకు 2 నుంచి 9. ఎస్ దగ్గర 1 కాకుండా 2 ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. వై2కె రోజుల్లో ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసిన పాఠకులు ఇట్టే పట్టేస్తారు. ఇవి ఎబ్సిడిక్ సంకేతాల్లో ఆయా అక్షరాల చివరి నాలుగు బిట్ల విలువలే!

తరవాత 17 గళ్ళనీ వరసగా 8, 7, 6, 5, 4, 3, 2, 10, 0, 9, 8, 7, 6, 5, 4, 3, 2 అనే బరువులతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగించాలి. మిగిలిన శేషమే తొమ్మిదో గడిలో ఉండాలి. శేషం 10 వస్తే ఎక్స్ అని వేస్తారు.

ఉదాహరణకి పదిహేడు గళ్ళలోనూ 1 ఉందనుకుందాం. బరువుల మొత్తం 89. దాన్ని 11తో భాగిస్తే శేషం 1. తొమ్మిదో గడిలో ఉన్నదీ 1 కాబట్టి లెక్క సరిపోయింది. ఇప్పుడు చివరి గడిలో 1 బదులు పొరపాటున 2 కొట్టామనుకోండి. మొత్తం 91, శేషం 3. తప్పు బయటపడిపోతుంది. అయితే దీనికీ ఒక పరిమితి ఉంది. ఏ, జె, 1 మూడింటి విలువా ఒకటే కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ఈ లెక్క పట్టుకోలేదు.

కిట్ కారుకి ఇది ఎందుకుండదు?

పై పద్ధతిలో సంఖ్య వేసే అధికారం తయారీదారుకే ఉంది. కిట్ అమ్మే కంపెనీ అమ్మేది కారుని కాదు, విడిభాగాలని. మసాచుసెట్స్‌లోని ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీల చట్రం మీద ఒక వరస సంఖ్య ఉంటుంది. దాంతోపాటు తయారీదారు ఇచ్చే మూల ధ్రువపత్రం వస్తుంది. కానీ ఆ సంఖ్య చట్రానిది, కారుది కాదు. కారు తయారయింది మన గరాజులో. మనమేమో లైసెన్సు ఉన్న తయారీదారులం కాము.

ఇలాంటి బండిని కాలిఫోర్నియా చట్టం 'ప్రత్యేకంగా నిర్మించిన వాహనం' అంటుంది. తిరిగి అమ్మడానికి కాక సొంత వాడకానికి కట్టుకున్నదై ఉండాలి. కొత్త భాగాలు, పాత భాగాలు, రెండూ కలిపినవి, ఏవైనా ఫరవాలేదు. పాత కారుని బాగుచేసి దాని అసలు రూపానికి తెస్తే మాత్రం ఈ కోవలోకి రాదు. అలాంటి కారుకి దాని పాత నంబరే చెల్లుతుంది.

కాగితాలే పునాది

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: సంఖ్య కోసం పని మొదలయ్యేది కారు పూర్తయ్యాక కాదు, మొదటి భాగం కొన్న రోజున.

దరఖాస్తు చూసే అధికారికి మీ వెల్డింగు ఎంత బాగుందన్నది రెండో సంగతి. ఇందులో దొంగ సొత్తు ఉందా అన్నది మొదటి సంగతి. దొంగిలించిన కార్లని విప్పి భాగాలుగా అమ్మే వ్యాపారం ఉన్నంతకాలం, ఊరూ పేరూ లేని కారు వచ్చి 'నన్ను ఇతనే కట్టాడు' అంటే ఎవరూ ఊరికే నమ్మరు. అందుకే ఇంజను, గేర్‌బాక్సు, చట్రం, బాడీ, ఈ నాలుగూ మీకెలా వచ్చాయో చూపాలి. బిల్లులు, మూల ధ్రువపత్రాలు, అమ్మినవాడు సంతకం చేసిచ్చిన విక్రయ పత్రాలు, ఏవి ఉంటే అవి.

నాతోపాటు కారు కట్టిన స్నేహితుడొకడు గేర్‌బాక్సుని పాత సామాన్ల సంతలో నగదిచ్చి కొన్నాడు. చవకగానే వచ్చింది. తీరా తనిఖీ దగ్గర 'దీని కాగితం ఏదీ?' అన్నారు. ఆ అమ్మినాయనని వెతికి పట్టుకుని విక్రయ పత్రం రాయించుకునేసరికి రెండు నెలలు పట్టింది. కారంతా సిద్ధంగా ఉండి, గేర్‌బాక్సు కాగితం కోసం అన్నాళ్ళూ గరాజులోనే నిలబడింది.

నేను ఒక స్ప్రెడ్‌షీటు పెట్టుకున్నాను: భాగం, దాని మీది నంబరు, ఎవరి దగ్గర కొన్నది, తేదీ, ధర, రశీదు స్కాన్. బిగించక ముందే నంబరు కనబడేటట్టు ఒక ఫోటో కూడా. ఇంజను ఒకసారి కూర్చున్నాక బ్లాకు మీది నంబరు చదవాలంటే అద్దం, టార్చిలైటు పట్టుకుని నేల మీద పడుకోవాలి.

ఎక్కడికెళ్ళాలి?

మొదటి మెట్టు డీఎంవీ. అక్కడ టైటిల్, రిజిస్ట్రేషను దరఖాస్తుతోపాటు నిర్మాణ ప్రకటన ఇవ్వాలి. ఏ భాగం ఎక్కడిదో, మొత్తం విలువెంతో అందులో రాసి సంతకం పెట్టాలి. పన్ను, ఫీజులు ఇక్కడే కట్టాలి.

రెండోది పొగ లెక్క. 2001లో చేసిన చట్టం ప్రకారం ఏడాదికి మొదటి 500 కార్లకి ఒక వెసులుబాటు ఉంది. కాలుష్య నియమాలకి మీ కారు ఏ సంవత్సరానిదిగా లెక్కించాలో, ఇంజనుని బట్టా లేక బాడీని బట్టా అన్నది మీరే ఎంచుకోవచ్చు. బాడీ 1965 నాటి కోబ్రాని పోలి ఉంటే 1965 కారుగా చూస్తారు. ఏ పాత కారునీ పోలకపోతే 1960 అంటారు. 1975, అంతకుముందు మోడళ్ళకి రెండేళ్ళకోసారి చేసే పొగ పరీక్ష లేదు కాబట్టి దీని విలువ మీకు అర్థమయ్యే ఉంటుంది. 501వ కారుకి దరఖాస్తు పెట్టిన సంవత్సరమే మోడల్ సంవత్సరం. అంటే పొగ విషయంలో కొత్త కారుతో సమానం! ఈ 500 లెక్క జనవరిలో మొదలవుతుంది. కాబట్టి ఏడాది మొదటి పనిదినాన తెల్లవారకుండానే డీఎంవీ ముందు నిలబడేవాళ్ళుంటారు. కారుని చూసి సంవత్సరం తేల్చేది 'రెఫరీ' అనే ప్రత్యేక పరీక్షా కేంద్రం.

మూడోది హైవే పెట్రోల్. సంఖ్య ఇచ్చేది వీళ్ళే. అపాయింట్‌మెంటు తీసుకుని కారుని ట్రైలరు మీద తీసుకెళ్ళడం మేలు. అధికారి ఇంజను, గేర్‌బాక్సు, చట్రం నంబర్లు చదివి, దొంగ వాహనాల జాబితాతో పోల్చి, మీ రశీదులు తిరగేస్తారు. అన్నీ సరిపోతే చిన్న లోహపు ఫలకాన్ని కారుకి బిగిస్తారు. కారు పుట్టినట్టు ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ క్షణానే. ఆ తరవాత బ్రేకులు, దీపాల వంటి భద్రతా తనిఖీ పత్రం కూడా జతచేసి మళ్ళీ డీఎంవీకి వెళ్తే నంబరు ప్లేట్లు చేతికొస్తాయి.

ఒక చిన్న ఇబ్బంది మిగిలే ఉంటుంది. రాష్ట్రం ఇచ్చే సంఖ్య 17 గళ్ళ సూత్రం పాటించాలని లేదు. ఇన్సూరెన్సు వెబ్‌సైట్లలో కొన్ని దాన్ని 'చెల్లని సంఖ్య' అని తిప్పికొడతాయి. పైన చెప్పుకున్న తనిఖీ అంకె చేస్తున్న పనే ఇది. ఏజెంటుకి ఫోను చేసి చెబితే చేత్తో ఎక్కిస్తారు. కిట్ కార్లకి, పాత కార్లకి పాలసీలిచ్చే ప్రత్యేక కంపెనీలూ ఉన్నాయి.

అడ్డదారి వద్దు

'ఇంత తతంగం ఎందుకు? 1965 నాటి తుక్కు కారు టైటిలు ఒకటి కొని, ఆ నంబరు పలక దీనికి కొట్టేస్తే పోలా?' అనే సలహా ఎవరో ఒకరు తప్పక ఇస్తారు. వాహన గుర్తింపు సంఖ్యని తెలిసి తీసేసినా మార్చినా ఫెడరల్ చట్టం ప్రకారం అయిదేళ్ళ వరకు జైలు. అలాంటి కారుని అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. సంగతి తెలియక మీ దగ్గర కొన్నవాడి కారూ పోవచ్చు. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్ళకి ఒక క్రిమినల్ కేసు ఎంత దూరం వెళ్తుందో వేరే చెప్పనక్కరలేదు.

సరైన దారి నెమ్మదిది, కాని కష్టమైనది కాదు. రశీదులు జాగ్రత్తగా పెట్టుకున్నవాడికి అధికారులు అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు ఫైల్లోనే ఉంటుంది. కిట్ ఆర్డరు చేసే ముందు మీ రాష్ట్రపు డీఎంవీ నియమాలు ఒకసారి చదవండి. పెట్టెలు విప్పే ముందు ఒక ఫైలు కొనండి.