నంబరు కంటే ముందు వయసు చూడండి

బడుల్లో పిల్లల కళ్లు పరీక్షించే ఉద్యోగంలోనే తల నెరిసి రిటైరయ్యాను. కొత్తగా ఆ పనిలో చేరినవాళ్లు అడుగుతుంటే చెబుతున్న మాటలివి.

1. "బోర్డు కనపడుతోందా?" అని అడిగి వదిలేయకండి. పిల్లాడు కనపడుతోందనే అంటాడు. చూపు మెల్లమెల్లగా మసకబారితే పిల్లలు దానికే అలవాటుపడి, లోకమంతా అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు. చార్టు పెట్టాల్సిందే. లైన్లో వెనక నిలబడ్డవాడు ముందువాడు చదివేది విని గడగడా అప్పజెప్పేస్తాడు, అందుకని ఒక్కొక్కర్నే లోపలికి పిలవండి. కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు. అట్టముక్క మీరే అడ్డం పెట్టండి.

2. పుట్టిన బిడ్డ కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. పసివాళ్లలో చాలామందికి ఉండేది ప్లస్ పవరే. గుడ్డు ఎదిగేకొద్దీ అది సున్నా వైపు దిగుతుంది. అక్కడ ఆగక ఇంకా సాగితే మైనస్. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు రెండున్నర పవర్ వచ్చిపడుతుంది. అందుకే ఏడేళ్లవాడి మైనస్ ఒకటీ, పదిహేడేళ్లవాడి మైనస్ ఒకటీ ఒకటి కావు. చిన్నవాడికి గుడ్డు సాగే ఏళ్లు ఇంకా ముందున్నాయి. మైనస్ ఆరు దాటినవాళ్లకు పెద్దయ్యాక రెటీనా ముప్పు ఎక్కువ. ఆరేళ్లకే ప్లస్ అంతా కరిగిపోయి సున్నాకి వచ్చేసినవాణ్ణి "బాగానే ఉంది" అని పంపేయకండి, మళ్లీ రమ్మనండి.

3. చూడటం కంటితో అయిపోదు, మెదడు కూడా నేర్చుకోవాలి. అయిదేళ్ల పిల్ల విడిగా రాసిన అక్షరం చదివేసి, అదే సైజు అక్షరాలు వరసలో ఇరుక్కుని ఉంటే తడబడుతుంది. వయసుతో పాటు అది సర్దుకుంటుంది. ఒక కన్నే బాగా తడబడితే మాత్రం అనుమానించండి. రెండు కళ్లకీ సమంగా ఉన్న కొద్దిపాటి మైనస్‌తో దగ్గరివి చక్కగా కనపడతాయి కాబట్టి మెదడుకి పని ఉంటుంది. ఒక కంటికే నంబరు బాగా ఎక్కువైతే మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. ఈ సోమరి కన్నును ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే దారికొచ్చే అవకాశం ఎక్కువ.

4. జోడు పెడితే సైటు పెరుగుతుందని బామ్మలంటారు. పవర్ తగ్గించి ఇస్తే ఆగుతుందని చదువుకున్నవాళ్లూ అంటారు. 2002లో వెలువడిన మలేషియా పరిశోధనలో పవర్ తగ్గించి ఇచ్చిన పిల్లలకే సైటు ఎక్కువ పెరిగింది. క్యారెట్లు తిననివ్వండి, మంచివే. వాటితో నంబరు మాత్రం దిగదు.

5. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడిరోజుల్లో 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో వాళ్లలో సైటు వచ్చినవాళ్లు 30 శాతం, మామూలు బడుల్లో 39 శాతం పైన. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆటల పీరియడ్‌ని లెక్కల మాస్టారు లాక్కునే బడికి వెళ్తే ఈ లెక్క కూడా ఆయన చెవిన వేసి రండి.