సూపు డబ్బా, పెళ్ళి కార్డు

పాప్ ఆర్ట్ గురించి చదివేవాళ్ళకు మొదట ఎదురయ్యేది సూపు డబ్బా. ఆండీ వార్హోల్ 1962లో క్యాంప్‌బెల్ కంపెనీ సూపు డబ్బాలను 32 చిన్న క్యాన్వాసుల మీద వేశాడు, ఒక్కో రుచికి ఒకటి. లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో వాటిని సన్నటి అర మీద, కిరాణా కొట్టులో పేర్చినట్టు వరసగా నిలబెట్టారు. "ఇందులో కళ ఏముంది, డబ్బా డబ్బానే కదా?" అని అప్పుడూ అన్నారు, మొన్న మన క్లాసులోనూ అన్నారు. పుస్తకంలో బొమ్మ చూసి దీనికి జవాబు చెప్పలేం. పుస్తకంలోకి వచ్చాక అన్నీ అచ్చుబొమ్మలే అవుతాయి. ఏది చేత్తో వేసింది, ఏది అచ్చు కొట్టింది అన్న తేడా అక్కడ కనబడదు.

ఆ 32 డబ్బాలూ నిజానికి అచ్చు కావు. చూస్తే లేబుల్ అతికించినట్టే ఉంటాయి గానీ కుంచెతో వేసినవి. కింద ఉండే పూల వరసకు మాత్రం చిన్న ముద్ర వాడాడు. అదే ఏడాది చేసిన మార్లిన్ మన్రో బొమ్మలు దీనికి తలకిందులు. రంగులు పూసిన పెయింటింగులా కనబడతాయి, కానీ ముఖం అచ్చు. 'నయాగరా' సినిమా ప్రచారం కోసం తీసిన ఫొటోను స్క్రీన్ మీదికి ఎక్కించి, క్యాన్వాసు మీదికి నల్లరంగులో దింపాడు. 'మార్లిన్ డిప్టిక్'లో ఆ ముఖం 50 సార్లు ఉంటుంది. ఎడమ పలకలో 25 రంగుల్లో, కుడి పలకలో 25 నలుపు తెలుపుల్లో. కుడివైపు కొన్ని ముఖాలు మసి పూసినట్టు, కొన్ని చెరిగిపోయినట్టు ఉంటాయి. అలా ఎందుకున్నాయో స్క్రీన్ లాగినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఇంకు ఎక్కువైతే ముఖం నల్లబడుతుంది, జాలీ పూడుకుపోతే మాసిపోతుంది.

నాకు ఈ పని పుస్తకం కంటే ముందే తెలుసు. మా మేనమామ నాందేడ్‌లో ఒక ప్రెస్సులో పెళ్ళి కార్డులు వేస్తాడు. మన తెలుగిండ్ల కార్డులయితే ఒక మడతలో మరాఠీ, ఇంకో మడతలో తెలుగు. చెక్క ఫ్రేముకు సన్నటి జాలీగుడ్డ బిగిస్తారు. వెలుతురు తగిలితే గట్టిపడే మందు దానికి పూసి, ఫిల్ము పెట్టి లైటు చూపిస్తారు. ఫిల్ములో నల్లగా ఉన్నచోట మందు గట్టిపడదు కాబట్టి నీళ్ళు కొడితే అక్కడ కడుక్కుపోయి జాలీ తెరుచుకుంటుంది. ఇంక రబ్బరు పట్టీతో ఇంకు లాగడమే. రంగుకొక ఫ్రేము. రెండో రంగు వెంట్రుకవాసి కూడా జరగకుండా మొదటి రంగు పక్కన కూర్చోవాలి. దాన్ని మామ 'సెట్టింగు' అంటాడు. అసలు కష్టమంతా అందులోనే.

2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా ముంబయిలో, నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌లో 'పాప్: ఫేమ్, లవ్ అండ్ పవర్' అని అమెరికన్ పాప్ ఆర్ట్ ప్రదర్శన జరిగింది. మామా నేనూ నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి చూసొచ్చాం. నేను దూరం నుంచి మొత్తం బొమ్మ చూస్తుంటే, మామ వార్హోల్ బొమ్మ అంచు దగ్గరికి వంగాడు. గార్డు "మాగే వ్హా" అన్నాడు. మామ ఒక అడుగు వెనక్కి వేసి నాతో మెల్లగా అన్నాడు: "సెట్టింగు జరిగింది బిడ్డా. నలుపు ఒక దిక్కు, కింది రంగు ఒక దిక్కు. గిదే నేను చేస్తే సేటు కూలి కోస్తడు."

ఆ మాట సరదాకు అన్నది కాదు. ఒకసారి రంగు జరిగిందని రెండు వందల కార్డులకు మామ కూలి నిజంగానే కోసేశారు. మరి 1964 నాటి ఒక వార్హోల్ మార్లిన్ 2022 మే నెలలో న్యూయార్క్ వేలంలో దాదాపు 19.5 కోట్ల డాలర్లకు పోయింది. జరిగిన రంగును వార్హోల్ దాచలేదు, దిద్దలేదు. మెషీన్ లాగా పని చేయాలనుకున్నవాడి బొమ్మలో మెషీన్ తప్పిన చోట్లే మన కంటిని పట్టుకుంటాయి. నాకు నచ్చింది కూడా అదే. కానీ మామ పక్కన నిలబడి చూసినందువల్ల ఇంకో ప్రశ్న వచ్చింది: ఆ స్క్రీన్ లాగిన చెయ్యి ఎవరిది?

అన్నిసార్లూ వార్హోల్‌ది కాదు. 1963లో జెరార్డ్ మలంగా అనే కుర్రాణ్ణి గంటకు 1.25 డాలర్ల కూలికి పెట్టుకున్నాడు. స్క్రీన్ పని అతనికి ముందే వచ్చు. వార్హోల్ తన స్టూడియోకు 'ఫ్యాక్టరీ' అని పేరు పెట్టాడు, ఫ్యాక్టరీలో లాగే కూలీ ఉన్నాడు, సంతకం మాత్రం ఓనరుదే. రాయ్ లిక్టెన్‌స్టైన్ సంగతీ కొంచెం ఇలాంటిదే. అతని 'వామ్!' (1963)కు ఆధారం ఇర్వ్ నొవిక్ గీసిన కామిక్ బొమ్మ. నొవిక్ పేరు మనలో ఎంతమంది విన్నాం?

మన దేశంలో దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది భూపేన్ ఖఖ్ఖర్‌ని. బొంబాయిలో పుట్టి, బరోడాలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూనే బొమ్మలు వేశాడు. క్యాలెండర్ దేవుళ్ళ రంగులు, దుకాణం బోర్డులు ఆయనకూ ఇష్టమే. కానీ 1972లో వేసిన 'జనతా వాచ్ రిపేరింగ్' చూడండి, దుకాణంతో పాటు గడియారాలు బాగుచేసే మనిషి కూడా అందులో కూర్చుని ఉంటాడు. వార్హోల్ డబ్బాల్లో సూపు వండినవాళ్ళూ లేరు, అమ్మినవాళ్ళూ లేరు. నా ఓటు ఖఖ్ఖర్‌కే, ఎవరేమనుకున్నా సరే.

మామ పక్కన పడేసిన రెండు పెళ్ళి కార్డులు అడిగి తెచ్చి ఈ కాగితం కింద అంటించాను. పేర్లున్న భాగం మడిచేశాను. ఎడమ కార్డు సరిగ్గా వచ్చింది. కుడి కార్డులో వినాయకుడి తొండం దగ్గర చూడండి, ఎరుపు అర మిల్లీమీటరు కిందికి జారింది. ముందు రెండడుగుల దూరం నుంచి చూడండి, తర్వాత ముక్కు ఆనించినంత దగ్గరగా. ఇక్కడ గార్డు లేడు.