ఎముకకూ ప్రాణముంది

సంగం దగ్గర పెన్న కాలువల కింద వరినాట్లు మొదలయ్యాయి. మెట్ట ఊళ్ల నుంచి కూలీలు వచ్చారు. ఆడవాళ్లే ఎక్కువ. నాటు పని అంటే నడుము పని. పొద్దున మడిలో దిగిన మనిషి మధ్యాహ్నం అన్నం వేళ దాకా వంగే ఉండాలి.

ఆ ముఠాలో ఒకామెది ఉదయగిరి వైపు ఊరు. నలభై ఏళ్లు దాటలేదు. మడిలో దిగింది గానీ ఆమె నడుము వంగలేదు. పక్కకు చూడాలన్నా మెడ తిరగలేదు. మనిషి మొత్తం తిరిగి చూసింది.

పక్కనున్న సంగం ఆమె అడిగింది.

"ఏంది వదినా, నడుము పట్టిందా?"

"ఈరోజు పట్టింది కాదులే. మా ఊళ్లో చానామందికి ఇంతే. వాతం అంటారు. మా మామ అయితే కొయ్య మాదిరి అయిపోయినాడు. మంచం మీద నించి లేపాలంటే ఇద్దరు కావాల."

"సూది ఏయించుకోలా?"

"ఏయించుకుంటా. రెండు రోజులు బాగుంటది. మళ్లా మామూలే. నాటుకు పనికిరానని రేపు ముఠాలోంచి తీసేస్తారేమో."

ఆ సాయంత్రం ఆమె గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందించింది. ఆ పనికి సగం కూలే ఇచ్చారు.

ఇది వాతమేనా? ఎక్స్‌రే తీస్తే గానీ డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేడు. కానీ ఒకే ఊళ్లో, ఒకే బోరు నీళ్లు తాగేవాళ్లలో చాలామందికి ఇలా ఉంటే అనుమానించాల్సింది గాలిని కాదు, నీటిని. నీటికీ నడుముకూ సంబంధం ఏమిటి? అది తెలియాలంటే ముందు ఎముక సంగతి తెలియాలి.

పూరింటికి నిట్రాడు ఉంటుంది. దాని మీద దూలం, వాసాలు నిలుస్తాయి. నిట్రాడు తీసేస్తే కప్పు కూలుతుంది. మన ఒంటికి ఎముకల గూడు అలాంటిది. పెద్దవాళ్లకు 206 ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువే, సుమారు 300 ఉంటాయి. పెరిగేకొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి.

అన్ని ప్రాణులకూ గూడు లోపలే ఉండదు. సముద్రం వైపు చెరువుల్లో పెంచే రొయ్యను చూడండి. దానికి లోపల ఎముక లేదు. పైన ఉండే పెంకే దాని ఎముకల గూడు. పీతకూ అంతే. పెంకు పెరగదు కాబట్టి రొయ్య పెరిగినప్పుడల్లా పాతది విడిచి కొత్తది తెచ్చుకోవాలి. పెంకు విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది. ఆ కాస్త సమయంలో తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. రొయ్యలు పెంచే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు.

వానపాముకు ఎముకా లేదు, పెంకూ లేదు. దాని ఒంట్లో నిండిన నీరే దానికి బలం. గాలి కొట్టిన సైకిల్ ట్యూబు బిగుసుకున్నట్టు అది బిగుసుకుంటుంది.

మరి వరిపైరు ఎలా నిలబడుతుంది? మొక్కైనా, మనిషైనా కణాలతోనే తయారవుతారు. కణాలు కంటికి కనపడనంత చిన్నవి. మొక్కలో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడలన్నీ కలిసి కాడను నిలబెడతాయి. ఇసుకలో ఉండే సిలికా కూడా వరి కాడలో, ఊకలో చేరి గట్టిదనం ఇస్తుంది. యూరియా ఎక్కువ వేస్తే పైరు ఏపుగా పెరుగుతుంది, కాడ బలహీనపడుతుంది. గాలివాన వస్తే చేను పడిపోతుంది.

మన కణాలకు గోడ లేదు. వాటి లోపల సన్నని దారాలు అల్లుకుని ఉంటాయి. కణం ఆకారం నిలిచేది వాటి వల్లే. నెత్తురులోని ఎర్ర కణాలకు పొర కింద ఇలాంటి వల ఉంది. అందుకే అవి సన్నని రక్తనాళాల్లో నలిగి దూరి, బయటికి వచ్చాక మళ్లీ మామూలు ఆకారానికి వస్తాయి.

ఇక ఎముక. దాన్ని చాలామంది రాయి లాంటిది అనుకుంటారు. కోడి ఎముకో, మేక ఎముకో కంచంలో చూస్తాం గదా, అది చచ్చిన ఎముక. ఒంట్లో ఉన్న ఎముక బతికే ఉంటుంది. దానిలో నెత్తురు పారుతుంది. దానిలోనూ కణాలున్నాయి. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వి తీసేస్తాయి. కొన్ని కొత్త ఎముకను కడతాయి. ఒక పక్క కూల్చే కూలీలు, ఒక పక్క కట్టే మేస్త్రీలు. పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇలా కొత్తది అవుతుంది. విరిగిన చెయ్యి కట్టు కడితే అతుక్కునేది అందుకే. రాయి పగిలితే అతుక్కుంటుందా?

ఎముక కట్టడానికి రెండు రకాల సరుకు కావాలి. ఒకటి మాంసకృత్తులతో అయిన నార. అది వంగే గుణం ఇస్తుంది. రెండోది కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం. అది గట్టిదనం ఇస్తుంది. కాల్చిన ఎముక చేత్తో నలిపితే పొడి అవుతుంది, నార కాలిపోయింది కాబట్టి. కోడి ఎముకను వెనిగర్‌లో వారం రోజులు నానబెడితే రబ్బరులా వంగుతుంది, ఖనిజం కరిగిపోయింది కాబట్టి. ఈ రెండోది ఇంట్లోనే చేసి పిల్లలకు చూపించవచ్చు.

ఈ సరుకంతా ఎముకకు మన తిండిలోంచి, నీళ్లలోంచే అందుతుంది. చిక్కు వచ్చేదీ ఇక్కడే.

కొన్ని చోట్ల భూమి లోపలి రాళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. అది ఊటనీటిలో కరుగుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కొద్దిగా ఉంటే పళ్లకు మేలే. ఎక్కువైతే మాత్రం ఎముకలో చేరి పేరుకుంటుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించకూడదు. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. అంత చిన్న కొలత! కానీ మనిషి రోజూ నీళ్లు తాగుతాడు, ఏళ్ల తరబడి తాగుతాడు. ఎండలో కష్టం చేసేవాళ్లు ఇంకా ఎక్కువ తాగుతారు. కాబట్టి ఈ జబ్బు ముందు పట్టేది వాళ్లనే.

పిల్లల్లో మొదట పళ్ల మీద కనపడుతుంది. పళ్లు సున్నం రంగులోకి మారి, ఆ పైన గోధుమరంగు చారలు పడతాయి. ఎంత తోమినా ఆ చారలు పోవు. పెద్దవాళ్లలో ఎముక మందం అవుతుంది. గట్టిపడితే మంచిదే గదా అనిపిస్తుంది. కాదు. ఆ ఎముక పెళుసుగా ఉంటుంది. కీళ్ల దగ్గర సాగాల్సిన నరాల్లాంటి పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఇక మనిషి వంగలేడు. ముదిరితే వెన్నులో నరాలు పోయే దారి ఇరుకై కాళ్లు చచ్చుబడతాయి. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు.

ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది ఎక్కడో తెలుసా? నెల్లూరు జిల్లాలోనే. ముందు చూసింది డాక్టర్లు కూడా కాదు, రైతులు. ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం వాళ్లు గమనించారు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మనుషుల్లో ఈ జబ్బును పరీక్షించి వైద్య పత్రికల్లో రాశారు. అప్పుడు ఇది మద్రాసు రాజధానిలో ఉండేది. వాళ్లు చూసింది పొదిలి, దర్శి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లు. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆ ఊళ్లు దానిలోకి పోయాయి. అదే ప్రకాశం జిల్లా అయింది. (సంగం కాలువ నిండే కనిగిరి రిజర్వాయరు వేరు. అది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఉంది. పేరు ఒకటే గానీ చోటు ఒకటి కాదు.)

జిల్లా గీత మారింది గానీ భూమిలో రాయి మారలేదు. ఉదయగిరి వైపు మెట్టలోనూ ఈ బాధ ఉంది. తర్వాత నల్లగొండ జిల్లా ఈ జబ్బుకు పేరు మోసింది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. ఎంత పటిక వేయాలో నీటిని పరీక్షించాకే చెప్పగలరు. చేతికొచ్చినంత వేయకూడదు.

సంగం వాళ్లకు పెన్న ఉంది. 1880లలో కట్టిన పాత ఆనకట్ట, 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజి ఆ నీటిని కాలువలకు మళ్లించాయి. ఏటి నీటిలో, వాన నీటిలో ఫ్లోరైడు మామూలుగా తక్కువే ఉంటుంది. మెట్ట ఊళ్లకు అలాంటి ఏరు లేదు. బావులు ఎండితే బోర్లు వేశారు. నీళ్లు పడకపోతే ఇంకా లోతుకు వేశారు.

నీళ్లు కాచి తాగితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు. బిగుసుకుపోయిన ఎముకను పూర్తిగా మామూలు చేసే మందు లేదు. కానీ నీళ్లు మారిస్తే జబ్బు ముదరకుండా ఆపవచ్చు. పిల్లల పళ్లను, ఎముకలను కాపాడవచ్చు. తిండి చాలనివాళ్లను ఇది ఎక్కువ బాధిస్తుంది. రాగి సంగటి, పాలు, మజ్జిగ, ముళ్లతో తినే చిన్న చేపలు కాల్షియం ఇస్తాయి. ఉసిరి, జామ, నిమ్మ కూడా తినాలి.

నాట్లు అయ్యాక ఆమె ఊరికి బయలుదేరింది. సంగం ఆమె బస్సు దాకా వచ్చింది. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ సీసా ఉంది.

"గాజు సీసా వద్దంట వదినా, ఇదే మేలంట. మీ బోరు నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించు. మంచినీళ్ల ఇంజనీరు ఆఫీసోళ్లకి ఇస్తే పరీక్షకు పంపిస్తారు."

"ఏ బోరుదని వాళ్లకి ఎట్ట తెలుస్తది?"

"కాగితం మీద రాసి అంటించు. ఊరి పేరు, ఏ వీధి బోరు, నీళ్లు పట్టిన తేదీ."

"నేనే రాయాల్నా?"

"నువ్వే రాయి. నీ పేరు గూడా రాయి."

బస్సు కదలక ముందే ఆమె కండక్టరు దగ్గర పెన్ను అడిగి తీసుకుంది.