ఒక్క రోజులో పాంపే, అమాల్ఫి తీరం: సందేహాలు - సమాధానాలు

ఇటలీ వెళ్లబోయేవాళ్ల ఉత్తరాల్లో నేపుల్స్ పేరు తరచుగా కనిపిస్తోంది. యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు, ఒక రోజుకి సొంతంగా కారు మాట్లాడుకుని పాంపే శిథిలాలూ, అమాల్ఫి తీరంలోని ఊళ్లూ చూసి రావాలనుకుంటున్నారు. ఉత్తరాల నిండా ఆశ ఎంత ఉందో బెంగా అంతే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

*మా అబ్బాయి కారు మాట్లాడాడు. పొద్దున ఎనిమిదికి నేపుల్స్‌లో బయల్దేరి పాంపే, వెసూవియస్ కొండ, సొరెంటో, పొజిటానో, అమాల్ఫి, రవెల్లో అన్నీ చూసి రాత్రికి వెనక్కి రావాలట. నాకు అరవై రెండేళ్లు. నావల్ల అవుతుందా? కాదంటే వాడు నొచ్చుకుంటాడేమో.* (ఒక తల్లి, విజయవాడ)

కంగారు పడకండమ్మా, మీ ఒంట్లో లోపమేమీ లేదు, ఆ పట్టీ ఎవరివల్లా కాదు. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. నేపుల్స్ నుంచి పాంపేకి పాతిక కిలోమీటర్లే, అరగంటా నలభై నిమిషాల్లో చేరిపోతారు. అక్కడి నుంచి పొజిటానోకి మాత్రం గంటకు తక్కువ పట్టదు. పొజిటానో నుంచి అమాల్ఫి 16 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉన్నా ముప్పావు గంట, వేసవి ఆదివారాల్లో దానికి రెట్టింపు. పొద్దున తొమ్మిదికి గేటు తీయగానే పాంపేలో రెండున్నర గంటలు గడపండి. మధ్యాహ్నం పొజిటానోలో భోజనం చేయండి. సాయంత్రానికి అమాల్ఫి, రవెల్లోల్లో ఏదో ఒకటి చాలు. వెసూవియస్, సొరెంటో ఇంకో రోజుకి ఉంచండి. తిరిగి వచ్చేటప్పుడు తీరం రోడ్డున పడకుండా కియుంజి కనుమ మీదుగా కొండ దాటించి హైవే ఎక్కించమని డ్రైవరుకి ముందే చెబితే రద్దీ చాలావరకు తప్పుతుంది. సొంత కారుకి అంత డబ్బు పోసేది నచ్చిన చోట ఇంకో అరగంట కూర్చోడానికే కదా. ఆ మాట మీరే చెప్పండి, అబ్బాయి నొచ్చుకోడు.

*అమ్మకు డెబ్బై ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, చేతికర్రతో నడుస్తుంది. పాంపే అంతా రాళ్ల బాట అని విని "నన్ను హోటల్లో వదిలేసి వెళ్లండి" అంటోంది.* (ఒక కూతురు, హైదరాబాదు)

వదిలేసి వెళ్లకండి. అమ్మ భయపడటంలో అర్థముంది. ఆ వీధుల్లో పరిచినవి పెద్ద పెద్ద లావా బండలు, అరిగి నున్నబడినవి, బండి చక్రాల గాళ్లు పడినవి. అయితే ఆంఫిథియేటర్ వైపు గేటు నుంచి చక్రాల కుర్చీలు కూడా వెళ్లేలా మూడు కిలోమీటర్లకు పైగా సాఫీ అయిన బాట ఉంది. దాన్ని "అందరి పాంపే" అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పోర్టా మరీనా గేటు దగ్గర ఎక్కుడు ఉంటుంది కాబట్టి, ఆంఫిథియేటర్ గేటు దగ్గరే దించమని డ్రైవరుతో గట్టిగా చెప్పండి. సాయంత్రానికి మోకాళ్లు సలపడం మామూలే. నడుస్తుండగానే మోకాలు వాచినా, కాలు మోపలేకపోయినా అక్కడితో ఆపేయండి.

పొజిటానో మెట్ల ఊరు, కారు పైనే ఆగిపోతుంది. అమ్మకు అమాల్ఫి నయం, కారు సముద్రపు ఒడ్డు దాకా వస్తుంది. అక్కడి కెథడ్రల్‌కు 62 మెట్లు ఉన్నాయి గానీ, కింద కూడలిలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ మెట్లూ, చారల ముఖద్వారమూ ఎదురుగానే ఉంటాయి.

*మేం అక్కడ ఉండగా అగ్నిపర్వతం పేలితే? నవ్వకండి, నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.* (ఒక పాఠకురాలు, నెల్లూరు)

నవ్వడం దేనికండీ? క్రీ.శ. 79లో ఒక ఊరిని నిలువునా పూడ్చేసిన కొండ పక్కనే నిలబడబోతున్నారు, ఆ మాత్రం భయం ఎవరికైనా ఉంటుంది. వెసూవియస్ చివరిసారి 1944లో రగిలింది, ఆ తరవాత మళ్లీ రగల్లేదు. 1841లో స్థాపించిన వెసూవియస్ అబ్జర్వేటరీ, ప్రపంచంలోనే మొట్టమొదటి అగ్నిపర్వత పరిశోధనశాల, ఆ కొండ ప్రతి కదలికనూ రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంటుంది. క్రీ.శ. 79లోనూ పేలుడుకు ముందు కొద్దిరోజుల పాటు భూమి కంపించింది, కానీ ఆ ప్రాంతంలో అది మామూలేనని జనం ఊరుకున్నారు; ఇవాళ అలా ఊరుకునేవాళ్లు లేరు. నేపుల్స్‌కు పడమట పొజువోలి వైపు అప్పుడప్పుడు చిన్న ప్రకంపనలు వస్తాయి. అది వేరే అగ్నిపర్వత ప్రాంతం, మీ దారికి ఎడంగా ఉంటుంది. అధికారులు దారులు మూసినప్పుడు, ఊళ్లు ఖాళీ చేయమన్నప్పుడు భయపడదాం. అంతవరకు నిద్రపోండి.

*తిరుమల ఘాట్ రోడ్డులోనే నాకు వాంతులవుతాయి. మా ఆయనకేమో లోయ చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ తీరం రోడ్డు మా ఇద్దరివల్లా అవుతుందా?* (ఒక పాఠకురాలు, తిరుపతి)

అవుతుంది, కూర్చునే చోటు చూసుకుంటే చాలు. ఇటలీలో బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి, డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు. పొజిటానో నుంచి అమాల్ఫికి వెళ్తుంటే సముద్రం కుడి చేతికి వస్తుంది. కాబట్టి మీరు ముందు సీట్లో కూర్చుని దూరంగా సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మీదే చూపు నిలపండి, ఫోను చూడకండి. మీ ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే ఆయనకు కొండ గోడే కనిపిస్తుంది. మలుపుల్లో హారన్ మోగుతుంటే ప్రమాదమేదో ముంచుకొచ్చిందనుకోవద్దు, ఎదుటి బండికి చేసే హెచ్చరిక అది. ఖాళీ కడుపుతో బయల్దేరకండి, అలాగని నూనె పదార్థాలూ తినకండి. వికారానికి మాత్ర వేసుకోవాలంటే ఇక్కడే మీ డాక్టరుని అడిగి తీసుకెళ్లండి. ఇంత చేసినా కడుపులో తిప్పుతుంటే డ్రైవరుతో ఒక్క మాట చెప్పండి, ఆపడానికి వీలున్న మలుపులు అతనికి తెలుసు.

*మా స్నేహితులను డ్రైవరు పాంపే గేటు దగ్గర దించి, లోపలికి రానన్నాడట. దారిలో పగడాల దుకాణంలో కూడా ఆపాడట. ఇదంతా మోసమేనా?* (ఒక పాఠకుడు, కాకినాడ)

మొదటిది మోసం కాదు. శిథిలాల్లో తిరుగుతూ వివరించేందుకు లైసెన్సున్న గైడు వేరే ఉంటారు, డ్రైవరు ఆ పని చేయకూడదు. గైడు ధరలో కలిసి ఉన్నాడా, ప్రవేశ టికెట్లు ఎవరు కొంటారు, ఈ రెండూ ముందే రాతపూర్వకంగా అడగండి. పాంపేలో రోజుకి 20,000 మందినే లోపలికి పంపుతారు, టికెట్టు మీద పేరు ఉంటుంది. అందుకని పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. పగడాలూ, గవ్వల మీద చెక్కిన బొమ్మలూ దారిలోని టోరె డెల్ గ్రెకో అనే ఊళ్లో తరతరాల వృత్తి. ఇష్టముంటే దిగండి, లేకపోతే "వద్దు" అంటే సరి, ఎవరూ ఏమీ అనుకోరు. కొంత బయానా అడగడం మామూలే. మొత్తం డబ్బు ముందుగా నగదే కావాలన్నా, బండికి అద్దె లైసెన్సు ఉందా అంటే మాట దాటేసినా మాత్రం ఇంకొకరిని చూసుకోండి.

*మా పాపకు ఏడేళ్లు. పాంపేలో చనిపోయినవాళ్ల శరీరాలు అలాగే ఉంటాయని వాళ్ల అన్నయ్య చెప్పాడు. అప్పట్నుంచీ ఒంటరిగా పడుకోవడం లేదు.* (ఒక తల్లి, వరంగల్)

పాపం, పసిపిల్ల! ఆ మాట విన్నాక ఆ వయసు పిల్లలెవరైనా అలాగే చేస్తారు. అవి శరీరాలు కావని, సుద్దతో పోసిన అచ్చులని పాపకు నెమ్మదిగా చెప్పండి. బూడిద గట్టిపడ్డాక లోపల మనుషులున్న చోట ఖాళీ మిగిలింది. 1863లో ఫియొరెల్లి అనే ఆయన ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి ఆకారాలు బయటికి తీశాడు. కొన్నిటిలో ఎముకలు ఉన్నమాట నిజమే, అది ఇప్పుడే చెప్పనక్కర్లేదు. "పారిపోయినవారి తోట" అనే చోట అలాంటివి పదమూడు ఉన్నాయి, గైడుతో ముందే చెబితే అటు తీసుకెళ్లడు.

పాపకు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. ఒక ఇంటి గుమ్మంలో నల్ల తెల్ల రాళ్లతో పేర్చిన కుక్క బొమ్మ, దాని కింద "కుక్క ఉంది జాగ్రత్త" అని లాటిన్లో రాసిన మాట. వీధి దాటేవాళ్ల పాదాలు తడవకుండా నిలబెట్టిన రాళ్లు, వాటి సందుల్లోంచి బండి చక్రాలు వెళ్లేవి. రొట్టెలు కాల్చే చోట గాడిదలు తిప్పిన రాతి తిరగళ్లు, పాప కంటే ఎత్తున ఉంటాయి. వీధి దాటే రాళ్ల మీద పాపను గెంతనివ్వండి. ఇంటికొచ్చాక నాలుగైదు రోజులు అదే పనిగా అడుగుతున్నా ఫరవాలేదు; వారాల తరబడి నిద్రలో ఉలిక్కిపడుతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి.

*అంతమంది ప్రాణాలు పోయిన చోటికి కొత్త కోడలిని తీసుకెళ్లకూడదని మా అత్తగారు అంటున్నారు.* (పేరు రాయని పాఠకురాలు)

ఆవిడ మిమ్మల్ని ఆపుతున్నది ప్రేమతోనే, ముందు అది గుర్తుంచుకోండి. పాంపే శ్మశానం కాదమ్మా, జనం వండుకుని, బేరాలాడి, పిల్లల్ని పెంచుకున్న ఊరు. వెళ్లి వచ్చి తలస్నానం చేసి దీపం పెడతానని ఆవిడకు చెప్పండి. మీకూ మనసు కుదుటపడుతుంది, ఆవిడకూ.

*మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఆ సముద్రపు ఊళ్లలో పస్తులేనా?* (దంపతులు, రాజమహేంద్రవరం)

పస్తుండాల్సిన పనే లేదు. మరినారా పిజ్జా అడగండి. పేరులో సముద్రం వినిపిస్తుంది గానీ దాని మీద టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె తప్ప ఇంకేమీ ఉండదు. అదే మాట వేరే వంటకం పక్కన ఉంటే చేపలున్నాయేమో అడగాలి. "సెంజా కార్నె, సెంజా పేషె" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. అలీచి అనే చిన్న చేపలు అక్కడి సాస్‌లలో కలిసిపోతాయి, అందుకని రెండు మాటలూ చెప్పాలి. తాజా పాస్తాలో గుడ్డు ఉండొచ్చు, చాలా చీజ్‌ల తయారీలో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. మీ పట్టింపు అంతదాకా ఉంటే మరినారా, సలాడ్లు, పండ్లు మేలు. అన్నం లేక ఒకటి రెండు రోజులు కడుపు బరువుగా ఉండటం సహజం. జ్వరం వచ్చినా, తాగిన నీళ్లు నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

*జూలై నెలాఖర్లో వెళ్తున్నాం. నాకు బీపీ ఉంది. ఎండకు తట్టుకోగలనా?* (ఒక పాఠకుడు, ఒంగోలు)

ఒంగోలు ఎండలు చూసినవారు, బెంగ వద్దు. అలాగని నిర్లక్ష్యమూ వద్దు, పాంపేలో నీడ బహు తక్కువ. టోపీ, బీపీ మాత్రలు, నీళ్ల సీసా ఒక చిన్న సంచిలో పెట్టుకోండి. 30 సెంటీమీటర్లు దాటిన సంచులు లోపలికి రానివ్వరు. సీసా ఖాళీ అయితే వీధి మూలల్లో రోమన్ల నాటి రాతి తొట్లు ఉన్నాయి, కొన్నిటికి ఇప్పుడు కొళాయిలు బిగించారు. నీళ్లు పట్టుకునేటప్పుడు ఒక్క క్షణం ఆ తొట్టి అంచు చూడండి. తాగడానికి వంగిన ప్రతి మనిషీ ఒక చెయ్యి అక్కడ ఆనించాడు, ఆనించిన చోట రాయి నున్నగా, గుంటగా అరిగిపోయింది. మన పల్లెల్లో చేద తాడు ఒరుసుకుని నూతి ఒర మీద గాళ్లు పడతాయే, అలాగ. మీ అరచెయ్యి పెట్టండి, సరిగ్గా అమురుతుంది. చెమట పట్టడం, అలసట మామూలే. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా నీడకు చేరి 112కి ఫోన్ చేయించండి.

*మేం ఓడలో వస్తున్నాం. కారు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఓడ మమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుందా?* (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సొంతంగా కారు మాట్లాడుకున్నవారి కోసం ఓడ ఆగదండీ, ఓడవాళ్లే తీసుకెళ్లిన యాత్ర అయితే సాధారణంగా ఆగుతుంది. అందుకే ఓడ ఎక్కాల్సిన వేళకు రెండు గంటల ముందే రేవు చేరేలా డ్రైవరుతో మాట్లాడుకోండి. పొద్దున ముందుగా తీరపు ఊరికి వెళ్లి, రేవుకి దగ్గరగా ఉన్న పాంపేను చివర పెట్టుకుంటే గుండె కుదురుగా ఉంటుంది. పాస్‌పోర్టులు ఓడలో వదలకండి.

*నాన్నగారు హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పారు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. "పాంపే తిరగలేను, కానీ రోమన్ల గోడ ఒక్కటైనా తాకి రావాలి" అంటున్నారు.* (ఒక కొడుకు, నల్గొండ)

నాన్నగారి కోరిక తీరుతుంది. బయల్దేరే ముందు గుండె డాక్టరు ఒప్పుకోవాలి, అది తప్పనిసరి. స్టెంట్ వేసిన రెండేళ్లకు చదునైన చోట నింపాదిగా నడవడానికి చాలామందికి ఇబ్బంది ఉండదు. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినా, ఆయాసం తగ్గకపోయినా వెంటనే 112. పాంపే బదులు టోరె అన్నుంజియాటా అనే ఊళ్లో పొపేయా భవనం అనే రోమన్ల ఇల్లు చూపించండి. అదీ 79లో పూడిపోయిందే, గంటలో నిదానంగా చూడొచ్చు, గోడల ఎరుపూ పసుపూ ఇంకా వెలవలేదు. తీరంలో అమాల్ఫి దాటగానే మినోరి అనే చిన్న ఊళ్లో, ఇళ్ల మధ్యనే, సముద్రానికి నాలుగడుగుల దూరంలో రోమన్ల విలాసగృహం ఒకటి ఉంది. పొజిటానోలో చర్చి కిందే అలాంటిది ఇంకొకటి బయటపడింది గానీ, అక్కడి మెట్లు నాన్నగారికి వద్దు.

నేపుల్స్‌లో ఇంకో పూట ఉండగలిగితే పురావస్తు మ్యూజియానికి తీసుకెళ్లండి. 1938లో పాంపేలో దొరికిన దంతపు బొమ్మ అక్కడ ఉంది. జానెడు ఎత్తున్న స్త్రీమూర్తి, మెడ నిండా హారాలు, మోచేతుల దాకా గాజులు, రెండు పక్కలా చెలికత్తెలు. లక్ష్మి అని కొందరు, యక్షి అని కొందరు అంటారు. చెక్కింది మన దేశంలోనే. దక్కనులో భోకర్దన్ తవ్వకాల్లో దానికి పోలికలున్న బొమ్మ దొరికింది. మీ నల్గొండ జిల్లాలో రోమన్ల వెండి నాణేల రాశి బయటపడిందని నాన్నగారు పిల్లలకు చెప్పే ఉంటారు. అటు నుంచి వచ్చిన వెండిని ఆయన ఎరుగుదురు, ఇటు నుంచి వెళ్లిన దంతాన్ని ఇప్పుడు చూస్తారు. మంగళవారం మ్యూజియానికి సెలవు, మిగతా రోజుల్లో వెళ్లండి.