కండరం చెప్పే బరువు లెక్క

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. అక్కడ విమానంలోకి సామాన్లు ఎక్కించేవాళ్ళను లోడర్లు అంటారు. మామూలుగా ఒక్క పెట్టె 32 కిలోలు దాటనివ్వరు. పెట్టె బరువు కాటా చెబుతుంది. మరి ఎత్తిన మనిషి మోచేతి మీద ఎంత భారం పడిందో ఎవరు చెబుతారు?

ముందు లెక్క చూద్దాం. మోచేతి దగ్గర చేయి అడ్డంగా మడిచి 2 కిలోల బియ్యం పట్టుకున్నామనుకోండి. కిలోకు సుమారు 10 న్యూటన్లు, అంటే 20 న్యూటన్లు. అరచేయి మోచేతికి సుమారు 32 సెంటీమీటర్ల దూరం. 20 × 0.32 = 6.4 న్యూటన్ మీటర్లు. దీన్ని బలభ్రామకం అంటారు. టార్క్ అని కూడా అంటారు.

కాని జబ్బ కండరం అతుక్కున్నది మోచేతికి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే. 32ను 4తో భాగిస్తే 8. అందుకే కండరం 8 రెట్లు, అంటే 16 కిలోల బరువంత లాగాలి! 32 కిలోల పెట్టెను రెండు చేతులతో అలాగే పట్టుకుంటే ఒక్కో జబ్బ 128 కిలోల బరువంత లాగాలి. చేతి సొంత బరువు ఇందులో కలపలేదు.

దీన్ని కొలిచేదెట్లా? కండరం బిగుసుకునేటప్పుడు అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది. కొన్ని మిల్లీవోల్టులే. చర్మం మీద అంటించిన సెన్సారు దాన్ని పట్టుకుంటుంది. కండరం ఉబ్బడాన్ని కొలిచే పట్టీలు కూడా ఉన్నాయి. ఇంకో సెన్సారు మోచేయి ఎంత వంగిందో చెబుతుంది. అటువంటిది సెల్‌ఫోనులో కూడా ఉంటుంది. మొదట 1, 2, 3 కిలోలు పట్టిస్తూ సంకేతం ఎంత వచ్చిందో రాసుకుంటారు. తర్వాత సంకేతం చూసి భారం అంచనా వేస్తారు.

ఇందులో చిక్కు ఉంది. చెమట పట్టినా, సెన్సారు జరిగినా లెక్క తప్పుతుంది. అలసిన కండరం అదే బరువుకు ఎక్కువ సంకేతం ఇస్తుంది. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

మా అమ్మ ఇటుకలు మోస్తుంది. చేయి గుంజుతుందంటే పనిదొంగ అన్నారు. కొలత ఉంటే ఆ మాట అనగలరా?

చేసి చూడండి: నీళ్ళ చెంబును చేయి చాపి పట్టుకోండి. తర్వాత పొట్టకు ఆనించి పట్టుకోండి. బరువు అదే, దూరం తగ్గింది, భారం తగ్గింది. సెలవులకు పోయినప్పుడు ఇంట్లో బరువులు మోసేవాళ్ళకు ఇది చూపించండి.